దారిలో ఊళ్ళుండేవి

బెజవాడలో నలుగురు కలిసి కారు మాట్లాడుకుని విశాఖపట్నం వెళ్తున్నారన్న కబురు 1980ల తొలిరోజుల్లో దాగేది కాదు. ఆదివారం తెల్లవారుజామున బయల్దేరాలంటే బుధవారానికే వీధంతా తెలిసిపోయేది. గురువారం నుంచి చీటీలు మొదలు. సిగరెట్ పెట్టె అట్ట మీద రాసినవి, పిల్లల నోటుపుస్తకంలోంచి చింపినవి, పాత శుభలేఖ వెనక ఖాళీలో రాసినవి. ‘రత్నం పెన్ను ఒకటి. నల్లది. పాళీ సన్నం.’ ‘అనకాపల్లి బెల్లం దిమ్మ. మరీ నల్లగా ఉంటే వద్దు.’ ‘లక్కపిడతలు, మనవరాలికి, ఎరుపు ఎక్కువున్నవి.’ ‘అన్నవరం ప్రసాదం, ఎంత వీలైతే అంత.’ చీర కావాలన్నవాళ్ళు చీటీకి గుండుసూదితో ఒక గుడ్డముక్క గుచ్చి ఇచ్చేవాళ్ళు, ఆ రంగుకి నప్పాలని. కొందరు డబ్బు చీటీలోనే మడిచి పెట్టేవాళ్ళు. కొందరు ‘వచ్చాక చూసుకుందాంలే’ అనేవాళ్ళు. చీటీలు పొడుగ్గా ఉండేది ఈ రెండో రకం వాళ్ళవే.

మేం వెళ్ళేది షికారుకి. కానీ బజారు పని లేని షికారు ఒకటి ఉంటుందని అప్పట్లో ఎవరూ అనుకునేవాళ్ళు కాదు. ఎక్కడి సరుకు అక్కడే దొరికే రోజులు. కాజా తినాలనిపిస్తే తాపేశ్వరం వెళ్ళాలి, లేదంటే వెళ్ళేవాడెవడో దొరకాలి. దొరికాడా, వాడిక తన కోసం వెళ్తున్నట్టు కాదు, వీధి తరఫున వెళ్తున్నట్టు.

మా జట్టులో ఏలూరు రోడ్డులో అచ్చాఫీసు నడిపే నేను, బ్యాంకులో పనిచేసే ఒకడు, కాలేజీలో చరిత్ర చెప్పే ఒకడు, మందుల కంపెనీ రిప్రజెంటేటివ్ ఒకడు. చరిత్రవాడు మాకు మాస్టారు, మందులవాడు రెప్పు. ఊళ్ళు తిరగడమే ఉద్యోగం కనుక ఏ ఊళ్ళో ఏ హోటల్లో ఏ పూట ఏది బాగుంటుందో రెప్పుకి కంఠతా వచ్చు. బ్యాంకువాడి దగ్గర చీటీలూ డబ్బులూ ఉండేవి. వాడు వాటిని ఊళ్ళవారీగా పేర్చి, రబ్బరు బ్యాండు వేసి, చొక్కా జేబులో పెట్టుకునేవాడు. స్నానానికి వెళ్ళినా ఆ చొక్కా వాడి చేతికందే దూరంలోనే ఉండాలి.

కారు అంబాసిడర్. డ్రైవరు మాకంటే బాగా వయసు మళ్ళినవాడు, పెద్దాయన అనేవాళ్ళం. గేరు స్టీరింగు పక్కనే ఉండటం వల్ల ముందు సీటు బల్లలాగా ఒకటే ఉండేది, ముగ్గురు సర్దుకోవచ్చు. పైన క్యారియరు, దాని మీద హోల్డాలు, బంపరుకి వేలాడుతూ కాన్వాసు నీళ్ళ సంచి. ఆ నీళ్ళు ముందు రేడియేటరుకి, మిగిలితే మనకి. 1983 చివర మారుతి వచ్చాక ఒకాయన కొత్తది కొని పెద్దాయనకు చూపించాడు. ఆయన చుట్టూ తిరిగి చూసి, “అగ్గిపెట్టెకి చక్రాలు పెట్టారు బాబూ, బెల్లం దిమ్మలెక్కడ పెడతారు ఇందులో?” అన్నాడు. కారును ఆయన కొలిచిన కొలత అది.

గాంధీనగర్ బాబాయ్ హోటల్లో ఇడ్లీ మీద వెన్న కరిగేలోపు తినేసి బయల్దేరితే, గన్నవరం దాటేసరికి వెలుగొచ్చేది. ఆ రోడ్డుకి కాగితాల మీద పేరు అయిదో నంబరు జాతీయ రహదారి. ఊళ్ళల్లో జీఎన్‌టీ రోడ్డు. మద్రాసు నుంచి కలకత్తా దాకా పోయే రోడ్డు అది, అయినా ఎదురుగా లారీ వస్తే ఎవరో ఒకరు మట్టిలోకి దిగాల్సిందే. రెండు పక్కలా చింతచెట్లు, నిద్రగన్నేరు చెట్లు. మొదళ్ళకి తెల్లసున్నం, మధ్యలో ఎర్రటి కాషాయపు పట్టీ. రాత్రి హెడ్‌లైట్లు పడితే రోడ్డు అంచు ఎక్కడుందో ఆ పట్టీలే చెప్పాలి.

ఆ రోడ్డు ఊళ్ళను తప్పించుకునేది కాదు. అదే దాని గొప్ప. ఏలూరు వస్తే ఏలూరు నడిబజారులోంచి పోయేది. తణుకు, అన్నవరం, తుని, అనకాపల్లి, అన్నీ అంతే. కూరగాయల బండి అడ్డం వస్తే ఆగాలి, బడి వదిలితే ఆగాలి, పెళ్ళి ఊరేగింపు వస్తే ఇంజను ఆపి కిందకు దిగాలి. దిగినవాడు ఊరికే ఉండడు కదా. ఏదో ఒకటి అడుగుతాడు, కొంటాడు, తింటాడు. మేం మంచి రుచులు వెతుక్కుంటూ తిరిగామని ఇప్పుడు పిల్లలకు చెప్పుకుంటాం గానీ, నిజానికి మమ్మల్ని రోడ్డే ఆపి తినిపించింది.

ఏలూరులో కాలువ పక్కన కాఫీ. కృష్ణ నీళ్ళూ గోదావరి నీళ్ళూ కాలువల మీద వచ్చి కలిసేది ఇక్కడేనని మాస్టారు ఏటా చెప్పేవాడు. ఏటా మేం కొత్తగా వింటున్నట్టు తలాడించేవాళ్ళం. ఉన్ని తివాచీలకి పేరున్న ఊరు. మా వీధిలో తివాచీ కొనే స్థోమత ఎవరికీ లేదు కనుక ఏలూరు మీద చీటీ ఎప్పుడూ రాలేదు.

ఆ తర్వాత రైలు గేట్లు. గేటు పడిందంటే ఒక్కోసారి రెండు రైళ్ళు పోయేదాకా తెరిచేవాడు కాదు. క్షణాల్లో కారు కిటికీల చుట్టూ బుట్టలు. డిసెంబరు, జనవరి నెలలైతే తేగలు. కాల్చిన తేగ పొట్టు వలిచి, పుల్లలాంటి ఈనె తీసేసి, నిలువునా చీలిస్తే నడుమ లేత మొలక ఉంటుంది. పిల్లలు దాన్ని చందమామ అంటారు. కారులో అందరికంటే చిన్నవాడిది చందమామ అని ఎవరూ రాయని చట్టం. చిన్నవాడు బ్యాంకువాడు. వాడికి నలభై నిండినా ఆ హక్కు వదులుకోలేదు. వేసవిలో వెళ్తే అదే బుట్టల్లో ముంజలు. ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు మాత్రం అన్ని కాలాల్లోనూ. గేటు తీశాక వెనక లారీలు ఒకటే హారన్లు. చిల్లర తీసుకోకుండా కారు కదిలితే కుర్రాడు కారుతో పాటు పరిగెత్తుకొచ్చి చిల్లర లోపలికి విసిరేవాడు. ఇది ఒక్కసారి కాదు, చాలాసార్లు చూశాను.

రావులపాలెం దగ్గర రోడ్డు దిగి, కాలువ గట్టు పట్టుకుని ఆత్రేయపురం పోయేవాళ్ళం. వెళ్ళేటప్పుడు కొనేవాళ్ళం కాదు, చెప్పి పోయేవాళ్ళం. పూతరేకులు అప్పట్లో కొట్లో దొరికే మిఠాయి కాదు, ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేసి అమ్మేది. ఒక ఇంటి పంచలో ఓ పెద్దావిడ కుండ బోర్లించుకుని కూర్చునేది. కింద ఎండు కొబ్బరాకుల మంట. పక్కన జారుగా రుబ్బిన బియ్యప్పిండి. గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే, చేయి అవతలికి చేరేలోపే రేకు ఆరిపోయి అంచు లేచేది. మంట ఒక్క పిసరు ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే అంటుకుంటుంది. ఆవిడ మంటవంక చూసేదే కాదు, మాతో మాట్లాడుతూనే పని.

“ఎన్ని కావాలి నాయనా?”

“వందకి తక్కువ కాకుండా చూడండి పిన్నిగారూ. వచ్చే శనివారం తిరుగుదారిలో వస్తాం.”

“నెయ్యి మీరు తెచ్చుకుంటారా, మమ్మల్నే వెయ్యమంటారా?”

అంతే. అడ్వాన్సు లేదు, పేరూ ఊరూ రాసుకోవడం లేదు. మేం రాకపోతే ఆవిడ ఆ వంద రేకుల్నీ ఏం చేసుకుంటుందని బ్యాంకువాడు ఒకసారి అడగనే అడిగాడు. “రాకపోవడమేంటి, వస్తామన్నారుగా?” అంది.

రాజమండ్రిలో రాత్రి మకాం. ఊరు చేరేసరికి సాయంత్రం. మెయిన్ రోడ్డులో రోజ్ మిల్క్ తాగి, గోదావరి గట్టున కూర్చుంటే అటు 1900లో మొదలైన పాత హేవలాక్ వంతెన, ఇటు 1974లో వచ్చిన రోడ్డు రైలు వంతెన. పాతదాని మీదా కొత్తదాని మీదా ఒకేసారి రైళ్ళు వస్తే చూడాలని మాకో పిచ్చి. రెండు మూడు గంటలు కూర్చున్న రోజులున్నాయి. భోజనానికి రెప్పు ఒక మెస్సుకి తీసుకెళ్ళేవాడు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, మాంసాహారులకి బొమ్మిడాయిల పులుసు. డిసెంబరులో వెళ్ళి పులస ఉందా అంటే వడ్డించేవాడు నవ్వేవాడు. వరద నీళ్ళకి ఎదురీదుకుంటూ వచ్చే చేప అది, శ్రావణ భాద్రపదాలు దాటాక దాని పేరెత్తినవాడు తూర్పుగోదావరివాడు కాదని తెలిసిపోతుంది.

మర్నాడు పొద్దున్నే మాస్టారు మమ్మల్ని ధవళేశ్వరం లాక్కుపోయేవాడు. 1852లో కాటన్ దొర పూర్తిచేయించిన ఆనకట్ట చోట కొత్త బ్యారేజీ లేచిన రోజులవి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా, మధ్యలో లంకలతో, గోదావరి అడ్డంగా ఎంత దూరముంటుందో గట్టు మీద నిలబడితేనే తెలుస్తుంది. ఈ ఒక్క చోట మాత్రం మాస్టారు చెప్పింది మేం నిజంగానే వినేవాళ్ళం. నిన్న మేం తిన్న అరటిపళ్ళూ, పూతరేకుల బియ్యమూ ఈ గోడ ఆపిన నీళ్ళవే కదా.

నాకు రాజమండ్రి అంటే ఇంకో పని. రత్నం పెన్నులు. 1932లో మొదలైన పని అది. స్వదేశీ వస్తువు చెయ్యమన్న గాంధీగారి మాట పట్టుకుని చేశారు, ఆ పెన్ను అందాక 1935లో గాంధీగారు ఉత్తరం రాశారు. ఎబొనైటు కడ్డీని చేత్తో తిప్పే యంత్రానికి బిగించి, చెక్కి, మెరుగు పెట్టి చేసే పెన్నులు. పట్టుకుంటే వేళ్ళకి వెచ్చగా ఉంటుంది, ప్లాస్టిక్కులా జారదు. అచ్చాఫీసులో రోజంతా ప్రూఫులు దిద్దేవాణ్ణి కనుక పెన్ను సంగతి నాకు వదిలేసేవాళ్ళు. చీటీల్లో ఉన్న పాళీలన్నీ చెప్పి, ఎవరి పేరు చెక్కాలో రాసిచ్చి, తిరుగుదారిలో తీసుకుంటామని వచ్చేసేవాణ్ణి. ఇక్కడా అంతే, చెప్పిన రోజుకి సిద్ధంగా ఉండేవి.

అన్నవరంలో కొండెక్కినా ఎక్కకపోయినా తొలిపావంచా దగ్గర ప్రతి బండీ ఆగాల్సిందే. లారీ డ్రైవర్లు దిగి కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించి, హారతి కళ్ళకద్దుకుని మళ్ళీ ఎక్కేవాళ్ళు. పెద్దాయన కూడా. నాస్తికుడినని చెప్పుకునే మా రెప్పు ప్రసాదం దగ్గర మాత్రం అందరికంటే ముందుండేవాడు. గోధుమ నూక, నెయ్యి, వేడివేడిగా విస్తరాకులో పొట్లం కట్టి ఇస్తారు. ఆ ఆకు వాసన ప్రసాదానికి పట్టి రెండో రోజుకి ఇంకా బాగుంటుంది. ఇంట్లో ఎన్నిసార్లు చేసినా ఆ రుచి రాదు. దేవుడి మహిమ అంటారు. నాకైతే ఆకు మహిమ అనిపిస్తుంది.

తుని భోజనం. తాండవ నది వంతెన ఇవతల ఒక హోటలు, ఎప్పుడు చూసినా లారీలు బారులు తీరి ఉండేవి. అరిటాకు, పప్పు, రెండు కూరలు, గడ్డపెరుగు. చేయి కడుక్కుని వస్తుంటే సర్వరు లోపలినుంచే గల్లాపెట్టె దగ్గరాయనకి వినబడేలా కేక వేసేవాడు. “కళ్ళజోడు, నలుగురు, ఒక అప్పడం ఎక్కువ!” బిల్లు కాగితం లేదు. కళ్ళజోడు మాస్టారు. ప్రతిసారీ బిల్లు తన పేరునే ఎందుకు పిలుస్తాడని వాడి ఏడుపు. బయట తమలపాకుల బుట్టలు. ఆ చుట్టుపక్కల తమలపాకు తోటలకు పేరు. మా వీధిలో ముగ్గురు ముసలమ్మలకి కట్ట చొప్పున, తడిగుడ్డలో చుట్టి, కూజా పక్కన. బెజవాడలో తమలపాకులు దొరకవా అంటే దొరుకుతాయి. ‘అవి ఆకులు, ఇవి తమలపాకులు’ అన్నది మా పక్కింటి అవ్వ.

ఏలమంచిలికి ఇవతల రోడ్డు దిగితే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. ఇక్కడ మా నలుగురం ఎంతసేపు నిలబడేవాళ్ళమో పెద్దాయనకే తెలియాలి, ఆయన చెట్టు కింద ఒక నిద్ర తీసి లేచేవాడు. అంకుడు కర్ర గిర్రున తిరుగుతుంటే పనివాడు లక్క కడ్డీ దానికి ఆనిస్తాడు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా ముఖం కనిపించేంత మెరుపు. రంగు వెయ్యడం, ఆరబెట్టడం అనే పని లేదు, కళ్ళెదుటే ముడి కర్ర కుంకుమభరిణె అయి చేతిలో పడుతుంది, ఇంకా వెచ్చగా. లక్కపిడతలన్నీ అలా చేసినవే, పొయ్యి, కుండ, చెంబు, తిరగలి, రోలు, ఒక ఇంటికి కావలసినదంతా అరచేతిలో. మా రోజుల్లో రంగులు మరీ మెరిసిపోయేవి, రసాయనాలవి. తర్వాత అక్కడివాళ్ళే పసుపు, ఆకులు, గింజల్లోంచి తీసిన రంగులకు మళ్ళారు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడవి పెద్ద నగరాల ప్రదర్శనల్లో అలంకారానికి కొంటున్నారు. నాకు గుర్తున్న లక్కపిడతలు మాత్రం అన్నం ఉడకని పొయ్యి ముందు గంటలకొద్దీ కూర్చున్న పిల్లలవే.

అనకాపల్లి బెల్లం మార్కెట్టు దగ్గరికి వచ్చేసరికి ముక్కుతోనే తెలిసేది. దేశంలోనే పేరున్న బెల్లం బజారు. దిమ్మని గోరుతో గీరి, నాలుక మీద వేసుకుని, “ఉప్పు తగుల్తోంది” అని పెదవి విరవడం బేరంలో మొదటి మెట్టు. బ్యాంకువాడు ఇందులో ఆరితేరినవాడు. వాడికి ఏ దిమ్మలో అయినా ఉప్పు తగిలేది. బెల్లమూ తిరుగుదారిలోనే, లేకపోతే విశాఖలో కారు పెట్టిన చోటికి ఊళ్ళోని చీమలన్నీ వచ్చేవి. ఆ ఊరి పక్కనే శంకరంలో బొజ్జన్నకొండ, రాతిని తొలిచిన బౌద్ధ గుహలు, స్తూపాలు. ఇంత పాత చోటు రోడ్డుకి ఇంత దగ్గర్లో ఉంటే మేకలు కాసే పిల్లలు తప్ప ఎవరూ ఉండేవాళ్ళు కాదు. మాస్టారు అక్కడ మాత్రం ఏమీ మాట్లాడకుండా తిరిగేవాడు.

చిత్రమేమిటంటే, అంత హడావిడీ పడి చేరిన విశాఖపట్నం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. సింహాచలం దర్శనం, మెట్ల దగ్గర సంపెంగలు, అనాసపళ్ళు. డాల్ఫిన్ నోస్ కొండ, ఓడలు. రాస్ హిల్ మీద చర్చి, పక్కనే దర్గా, గుడి. భీమిలి వెళ్ళి, 1978లో వచ్చిన ‘మరోచరిత్ర’ ఎక్కడెక్కడ తీశారో వెతకడం. అప్పటి కుర్రవాళ్ళందరూ చేసిన పనే. సముద్రం సముద్రమే. రెండు రోజులు చూశాక రెప్పు “ఇంక కదులుదామా, చీటీలున్నాయి” అనేవాడు. వాడి అసలు తొందర కాజాల గురించి.

తిరుగుదారిలో కత్తిపూడి దగ్గర ట్రంకు రోడ్డు వదిలి పిఠాపురం మీదుగా ఉప్పాడ. సముద్రం కోసుకుపోతున్న ఒడ్డున నేతగాళ్ళ ఇళ్ళు. జాందానీ నూలు చీర మగ్గం మీద ఉండగా కింద నుంచి చూసినా పైనుంచి చూసినా పువ్వు ఒకేలా ఉంటుంది. గుండుసూది గుడ్డముక్కలు ఇక్కడ బయటికొచ్చేవి. నలుగురు మగవాళ్ళం వెలుతురులోకి వెళ్ళి గుడ్డముక్క చీర మీద పెట్టి, ఒకడు నప్పిందని, ఒకడు లేదని వాదించుకుంటుంటే, మగ్గం మీద ఉన్న ఆవిడ పని ఆపి వచ్చి, ముక్క తీసుకుని, ఒక్క చూపు చూసి, వేరే చీర తెచ్చి ఇచ్చేది. ఆవిడ ఇచ్చింది ఏనాడూ తిరిగి రాలేదు.

కాకినాడ గొట్టం కాజా, తాపేశ్వరం మడతకాజా. ఈ రెండింట్లో ఏది గొప్పదన్న గొడవ మా కారులో తెగలేదు. గొట్టం కాజా కొరికితే లోపల దాచుకున్న పాకం ఒక్కసారి నోట్లోకి వస్తుంది, చొక్కా మీదికీ వస్తుంది. మడతకాజా పొరలు పొరలుగా, తీరిగ్గా తినాల్సింది. నేను మడత పక్షం. మధ్యలో రామచంద్రపురంలో దాహానికి ఆర్టోస్. 1977లో కోకాకోలా దేశం వదిలిపోయాక థమ్సప్పులూ గోల్డ్ స్పాట్లూ ఊరూరా పాకాయి గానీ, ఆ చుట్టుపక్కల చుట్టాలొస్తే ఇచ్చేది ఆర్టోసే. మళ్ళీ రాజమండ్రిలో పెన్నులు, కడియం నర్సరీల్లో అంటుకట్టిన గులాబీలు రెండు కుండీలు, ఆత్రేయపురంలో పూతరేకులు. అప్పటికి డిక్కీ నిండి, క్యారియరు నిండి, కాళ్ళ దగ్గర గులాబీ ముళ్ళు. పూతరేకుల పెట్టె కింద పెట్టడానికి లేదు, ఒళ్ళో పెట్టుకోవాలి. ఎవరి ఒళ్ళో పెట్టామో వాడు బెజవాడ దాకా నిద్రపోకూడదు.

ఇల్లు చేరిన రాత్రే పంపకాలు. చీటీ, సరుకు, లెక్క. బ్యాంకువాడు వసారాలో చాప వేసుకుని కూర్చుని ఒక్కొక్క చీటీ చదివి కొట్టేసేవాడు. దారిలో విరిగిన పూతరేకులు మా నలుగురి వాటా అని ముందే ఒప్పందం. ఎన్ని విరిగాయన్నది మాత్రం వాడే చెప్పాలి, అనుమానం వచ్చేంత ఎక్కువే విరిగేవి. డబ్బు ఇవ్వనివాళ్ళ దగ్గర వసూలు సంక్రాంతి దాకా సాగేది. ఒకావిడ డబ్బుకి బదులు ఆవకాయ జాడీ పంపింది. బ్యాంకువాడు దాన్నీ జమలో రాశాడు.

ఆ రోడ్డు బంగారమని నేననడం లేదు. ఇరుకు కల్వర్టుల దగ్గర ముందు చక్రాలు గాల్లో ఉన్న లారీలు చూశాం. అందుకే చీకటిపడితే పెద్దాయన బండి తీసేవాడు కాదు. ఒక ఏడు మాస్టారి భార్యా, వాళ్ళ చెల్లెలూ మాతో వచ్చారు. పొద్దున్నుంచి కాఫీ వద్దన్నారు, సోడా వద్దన్నారు, మంచినీళ్ళు కూడా వద్దన్నారు. ఎందుకో మాకు తట్టలేదు. తుని హోటల్లో మాస్టారి భార్యే అనేసింది: “మీరు ఆగిన చోటల్లా మీకు టీ దొరుకుతుంది. మాకు ఏం దొరకదో మీకెవరికైనా తెలుసా?” నూట యాభై మైళ్ళు దాటిన ఆ దారిలో ఆడవాళ్ళు వెళ్ళడానికి చోటు లేదు. మా జ్ఞాపకాల్లో ఉన్న తీపి ఆవిడ జ్ఞాపకాల్లో లేదు. ఇప్పటి రోడ్డు గురించి ఎవరైనా విసుక్కుంటే ఆవిడ ఊరుకోదు, పెట్రోలు బంకుల్లో తాళం వేయని బాత్రూములు వచ్చాకే తనకు ప్రయాణం అంటే ఏమిటో తెలిసిందంటుంది.

స్వర్ణ చతుర్భుజి ప్రకటించాక ఈ రోడ్డు కూడా అందులోకి వచ్చింది. చెట్లు పోయాయి, నాలుగు వరసలయ్యాయి, ఊళ్ళ పక్కనుంచి బైపాసులు పోయాయి, 2010లో నంబరు కూడా మారి పదహారైంది. మేం రెండు రోజులు తిన్న దారి ఇప్పుడు ఆరేడు గంటలు. మా అబ్బాయి విశాఖలో ఉంటాడు. దారి ఎంతవరకూ వచ్చిందని ఫోన్లో అడిగితే వాడు చెప్పే పేర్లు కలపర్రు, ఉంగుటూరు, ఈతకోట, కృష్ణవరం, వేంపాడు. అన్నీ టోల్ గేట్లు. వాడి మార్గంలో ఏలూరు లేదు, తుని లేదు. ఆ గేట్ల దగ్గర కూడా ఒకప్పుడు జామకాయలు, మరమరాల ముంతలు అమ్మే పిల్లలు చేరేవాళ్ళు. ఫాస్టాగ్ వచ్చాక కారు ఆగడం కూడా తగ్గింది, అమ్మకాలకీ టైము లేదు.

సరుకు మాత్రం ఎక్కడికక్కడ దొరుకుతోంది. పూతరేకులు బెజవాడలో మా సందు చివరే ఉన్నాయి, జీడిపప్పు వేసినవి, చాక్లెట్టు వేసినవి కూడా. కాజాలు హైదరాబాదులో, బెల్లం అమెరికాలో. మా వీధిలో ఎవరూ ఎవరినీ ఏదీ తెమ్మని అడగరు. అడగాల్సిన పనిలేదు. రత్నం పెన్ను కావాలంటే మాత్రం ఇప్పటికీ రాజమండ్రికి చెప్పుకోవాలి, చెప్పి ఆగాలి. ఆ ఒక్కటీ పాతబడలేదు.

పోయిన శీతాకాలం ముగ్గురం కలిసి మళ్ళీ వెళ్ళాం. పెద్దాయన ఎప్పుడో పోయాడు, మాస్టారికి మోకాళ్ళ నొప్పులు, రాలేనన్నాడు. కుర్ర డ్రైవరు, పెద్ద కారు. ఏలూరు దగ్గర బైపాసు ఎక్కకుండా ఊళ్ళోకి పోనీమన్నాను. అబ్బాయి నా వంకా, అద్దానికి తగిలించిన ఫోను వంకా చూశాడు.

“లోపల ట్రాఫిక్కు సార్. ఏం పనుంది?”

“కాఫీ.”

“ముందు ఫుడ్ ప్లాజా ఉంది సార్, అన్నీ ఉంటాయి. బాత్రూములు కూడా నీటుగా ఉంటాయి.”

“ఉంటే ఉండనీరా అబ్బాయ్, ఊళ్ళోకి పోనీ” అన్నాడు రెప్పు వెనక సీట్లోంచి.

తిప్పాడు. పాత రోడ్డులో ఆటోల మధ్య ఇరుక్కుని, కాలువ గట్టు చేరేదాకా ఫోనులో ఆడగొంతు యూటర్న్ తీసుకోమని చెబుతూనే ఉంది. బ్యాంకువాడు ముందుకు వంగి దాని నోరు నొక్కేశాడు.